అవ్వ కార్డు, నా చేతులు

బాన్సువాడ,
జూలై 21

అవ్వ పరువు అమ్ముకుని నువ్వు బహుమతి తెచ్చుకున్నావు.

బాగున్నావా, వేళకు తింటున్నావా అని ఈసారి అడగను. ఫోన్ చెయ్యకుండా ఉత్తరమెందుకు అనుకుంటావేమో. ఫోన్‌లో నువ్వు అప్పుడే వకీలువైపోతావు జీవన్. నేనొకటి అడిగితే ఇంకోదానికి జవాబిస్తావు. ఇంతలో అవ్వ పక్కనుంచి "తమ్మునితోని కొట్లాడకే" అంటుంది. మాట అక్కడే చస్తుంది. కాగితం మీద అట్లా జారిపోలేవు. నువ్వు రాసింది నా దగ్గరే ఉంటుంది. నాలుగుసార్లు చదువుతా. ఎక్కడ తప్పించుకున్నావో అక్కడ వేలు పెడతా.

జరిగింది చెప్తున్నా. పదకొండో తారీఖున బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయాను. రాజాబాబు సేట్ బిడ్డ సహజ అక్కడ కూర్చుని ఉంది. తండ్రి టేకేదారు, కంపెనీ ఆకూ తంబాకూ తెచ్చి మనకు పంచుతాడు. బిడ్డ డిగ్రీ చదువుతూ ఫోన్‌లో లోకమంతా చూస్తుంది. నన్ను పిలిచి, "అక్కా, గీయన మీ జీవనే గదా? నల్లకోటేసుకుండు సూడు" అంది.

మీ కాలేజీ పత్రిక. నీ ఫొటో. కింద నీ పేరు, పక్కన మన ఊరి పేరు. పైన "నేను లాభపడిన తప్పు" అని పెద్దక్షరాలు. మొదటి బహుమతి.

చేతిలో బీడీల గంప పట్టుకునే చదివాను. "మా అమ్మ బీడీ కార్మికురాలిగా నమోదై ఉంది. పదకొండేళ్లుగా ఆమె ఒక్క బీడీ చుట్టలేదు. ఆమె కార్డు మీద మా అక్క చుట్టింది. ఆ అబద్ధపు నీడలో నేను చదువుకున్నాను." అమ్మ! ఇంట్లో పుట్టినప్పటి నుంచి అవ్వా అని పిలిచి, పట్నపోళ్ల ముందర అమ్మను చేశావు. అమ్మను చేసి అబద్ధాలకోరును చేశావు.

అవ్వ పదిహేడేళ్లు చుట్టింది. ఆ తర్వాత వేళ్లు మొద్దుబారాయి, కత్తెర నిలవలేదు. అప్పుడు నాకు పద్నాలుగు, నీకు తొమ్మిది. బీడీలు చుట్టే చాట ఆమె ఒళ్లోనుంచి నా ఒళ్లోకి వచ్చింది. కార్డు ఆమె పేరునే ఉండిపోయింది. గల్లీ అంతటికీ తెలుసు. గల్లీకి తెలియడం వేరు, అచ్చు వేసి ఊరి పేరు పెట్టడం వేరు.

ఇగ అసలు మాట. మొన్న పంతొమ్మిదిన ఆకు కోసం పోతే రాజాబాబు తల ఎత్తకుండానే, "కనకవ్వ కార్డు మీద ఆకు బంద్. పైకెల్లి చెప్పిండ్రు" అన్నాడు.

"ఎందుకు సేట్?"

"ఎందుకో మీ ఇంట్లనే అడుగు."

మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. అవ్వ చెప్పలేదు. నేను చెప్పలేదు. అందుకే నిన్ను అడుగుతున్నా. ఆ కాగితం ఎవరెవరికి చూపించావు? ఇంకెవరికి ఏం చెప్పావు? లా చదువంటే సెక్షన్లు అనుకున్నా. కన్నతల్లి తప్పులు రాసి మార్కులు తెచ్చుకునే పేపరు ఏంది అది?

నెలాఖరులోగా జవాబు రావాలి.

రవళి

*

హైదరాబాద్,
జూలై 29

అక్కకు,

నీ ఉత్తరం అందింది. నువ్వు అనుకుంటున్నట్టు కాదు.

రెండో సంవత్సరంలో మాకు మోరల్ ఫిలాసఫీ అని ఒక పేపరు ఉంది. ఏది చట్టమో కాదు, ఏది సరైనదో, ఎందుకు సరైనదో అడిగే చదువు. వెంకట్రావు సార్ చెప్తారు. మొదటి రోజు వచ్చి, "ఈ గదిలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదనుకుందాం. ఇంకొకరి తప్పు వల్ల బాగుపడినవాళ్లు మాత్రం చేతులెత్తండి" అన్నారు. అరవైమందిలో ఒక్క చెయ్యి లేవలేదు. "అయితే రాసుకుని రండి" అన్నారు. ఒకతను తాత ఆక్రమించిన పొలం గురించి రాశాడు. ఒకమ్మాయి, పరీక్షలో తన పక్కన కూర్చున్నామె గురించి రాసింది. నాకు తెలిసింది నేను రాశాను. అవ్వ పేరు రాయలేదు. మన గల్లీ పేరు రాయలేదు. ఫొటో కింద ఊరు పెట్టింది పత్రికవాళ్లు.

అందులో నేను అవ్వను తిట్టలేదక్కా. లాభపడింది నేనని రాశాను. శీర్షికలోనే ఉంది కదా.

ఆకు ఆపడానికీ దీనికీ సంబంధం ఉండదు. మా కాలేజీ పత్రిక మా కాలేజీలోనే ఎవరూ చదవరు. కంపెనీవాళ్లు ఏవో లెక్కలు సరిచూసుకుంటుండవచ్చు. కంగారు పడకు. రాజాబాబు ఏ కాగితం తెచ్చినా అవ్వ చేత సంతకం మాత్రం పెట్టించనివ్వకు. 'స్వచ్ఛందంగా' అన్న మాట ఉంటే అసలే వద్దు.

ఆ పేపరు ఏమిటని అడిగావు కనుక నా నోట్సు జిరాక్స్ తీయించి పంపుతున్నాను. నీకు నచ్చుతుంది. నా ఇంటర్ పుస్తకాలు నువ్వు నాకంటే ముందే చదివేసేదానివి.

అవ్వ వేళ్లు ఎట్లా ఉన్నాయి?

జీవన్

*

బాన్సువాడ,
ఆగస్టు 9

జీవన్,

నువ్వు ఉత్తరం రాసింది జూలై 29న. రాజాబాబు కాగితం పట్టుకుని మన ఇంటికి వచ్చింది ఆగస్టు 4న. సంతకం సంగతి నేను నీకు రాయనే లేదు. అప్పటికి అట్లాంటి కాగితం ఒకటి ఉందని నాకే తెలియదు. నీకెట్లా తెలిసింది?

'స్వచ్ఛందంగా' అన్న మాట ఆ కాగితంలో మూడో వరుసలో ఉంది. అంత కచ్చితంగా జ్యోతిష్యం చెప్పేవాడు లా ఎందుకు చదవడం? బస్టాండ్ దగ్గర చిలుకను పెట్టుకుని కూర్చుంటే సరిపోదా?

వచ్చినవాడు కుర్చీలో కూర్చుని, అవ్వ ఇచ్చిన చాయ్ తాగి, మెత్తగా మొదలుపెట్టాడు.

"ఏం లేదు కనకవ్వా, చిన్న సంతకం. పదకొండేండ్ల సంది నాకు సుట్టుడు చాతనైతలేదు, నా ఇష్టంతోని కార్డు వాపసిస్తున్న అని. గంతే."

"మరి నా పింఛను?" అంది అవ్వ.

"గది పైనోళ్లు సూసుకుంటరు."

"పైనోళ్లంటే దేవుడా, కంపెనీయా?" అన్నా నేను.

"నీకు కోపమెక్కువ రవళీ. నీకు కొత్త కార్డు ఇప్పిస్త. ఇయ్యాలటి తారీఖు నుంచి."

"మరి నిన్నటిదాంక ఎవలు సుట్టిండ్రు సేట్?"

"మీ అవ్వ. కార్డుల గట్లనే ఉంది గదా" అని నవ్వాడు.

నవ్వుతూనే చేతిలో పట్టుకున్న కాగితంలో అవ్వ చుట్టలేదని ఉంది. కార్డు ప్రకారం నేను చుట్టలేదు. కాగితం ప్రకారం అవ్వ చుట్టలేదు. మరి పదకొండేళ్లు లోకం తాగిన ఆ బీడీలు తునికి చెట్టుకే కాశాయా?

అవ్వ అప్పటికే పెన్ను పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుంది, ఒక చేత్తో నిలవదు కదా. నేను కాగితం లాక్కున్నా.

"గీ కాగితాలు నీకేమెర్క? సదువుకునేటోడు పట్నంల ఉండు, ఆయన్ని అడుగు" అన్నాడు.

"ఆయన సదువు నా చేతులకెల్లే పోయింది సేట్. పోయేటప్పుడు కొంచెం నాకు గూడ అంటింది" అన్నా.

లేచి పోయాడు. గడప దాటుతూ, "ఇంట్లోడే తవ్విన బొంద. నేనేం జేస్త" అన్నాడు. ఇంట్లోడే అన్నాడా, ఇంట్లోళ్లే అన్నాడా, అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు రోజూ అదే ఆలోచిస్తున్నా.

నీ నోట్సు చదివాను. చేతిలో ఆకు లేక ఖాళీగా ఉన్నా మరి. కత్తెరను పేజీ మీద బరువు పెట్టి చదవడం అలవాటు, ఇప్పుడు కత్తెరకు అదొక్కటే పని. మీ సార్ మంచి ప్రశ్నలే అడుగుతాడు. జవాబులు మాత్రం అన్నీ, ఆకలి కానివాళ్లు కూర్చుని ఆలోచించినట్టున్నాయి. ఒక్క ఆరో పేజీ నన్ను పట్టుకుంది. "ఉద్దేశం మంచిదైతే పని మంచిదవుతుందా?" ఆ వాక్యం కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీశావు. పక్కన చిన్నగా తారీఖు వేశావు, జూన్ 18 అని. మిగతా నలభై పేజీల్లో ఎక్కడా తారీఖు లేదు. జిరాక్స్‌లో పెన్సిల్ పడదనుకున్నావా?

జూన్ 18న ఏం చేశావు?

మళ్లీ 'కంపెనీ లెక్కలు' అని రాయకు. ఆగస్టు 25 దాకా చూస్తా.

రవళి

*

హైదరాబాద్,
ఆగస్టు 24

అక్కకు,

నీకు చెప్పకుండా ఉండటం తప్పు. ముందే ఒప్పుకుంటున్నాను.

జూన్ 18న నిజామాబాద్ పీఎఫ్ ఆఫీసుకు ఒక అర్జీ వెళ్లింది. పదిహేడేళ్లు అవ్వ చుట్టింది నిజం, ఆ తర్వాత పదకొండేళ్లు నువ్వు చుట్టింది నిజం, ఎవరి ఏళ్లు వాళ్ల పేరున రాయండి అని అందులో ఉంది. అంతే. అవ్వ మీద ఫిర్యాదు కాదది. ఆఫీసు కంపెనీని అడిగి ఉంటుంది, కంపెనీ టేకేదారును. వాళ్లు సరిచెయ్యాల్సింది పోయి ఆకు ఆపారు. ఇట్లాంటప్పుడు 'స్వచ్ఛందంగా' అని రాయించుకుని చేతులు దులుపుకుంటారని లీగల్ ఎయిడ్‌లో మా సీనియర్ రాందాస్ చెప్పాడు. అట్లా తెలిసింది నాకు.

నిన్ను ఎందుకు అడగలేదంటే, నువ్వు వద్దంటావు కనుక. గల్లీలో బతకాలి, రాజాబాబుతో పెట్టుకోవద్దు అంటావు. నువ్వు ఒక్కసారి వద్దంటే నాకు ధైర్యం ఉండదు.

వ్యాసంలో రాయనిది ఒకటి చెప్తాను. మొదటి సంవత్సరం హాస్టల్‌కు వచ్చినప్పుడు నా అంగీలన్నీ తంబాకు వాసన వేసేవి. గదిలో పిల్లవాడు "నువ్వు తాగుతావా?" అని అడిగాడు. అవునన్నాను. మా అక్క చుడుతుందని చెప్పడానికి సిగ్గుపడి, తాగుతానని అబద్ధమాడాను. ఆ అంగీలు నెలరోజులు కిటికీ బయట ఆరేశాను. వెంకట్రావు సార్ చేతులెత్తమన్న రోజు నాకు గుర్తొచ్చింది అవ్వ కార్డు కాదక్కా, ఆ కిటికీ. చదివినందుకు చప్పట్లు కొట్టారు. బహుమతి ఇచ్చారు. నాకు నిద్ర పట్టలేదు. రాసి ఊరుకుంటే సరిపోదు, ఏదో ఒకటి చెయ్యాలనుకున్నాను.

ఉద్దేశం మంచిది. పని సంగతి తెలియదు. అందుకే ఆ గీతలు.

జీవన్

*

బాన్సువాడ,
సెప్టెంబర్ 15

జీవన్,

నీ అంగీల కథ చదివి కన్నీళ్లు పెట్టుకుంటాననుకున్నావేమో. పెట్టుకునేదాన్నే. ఏడో తారీఖు రాకపోయుంటే.

అవ్వ నాతో మాట్లాడటం మానేసి ఎనిమిది రోజులైంది.

ఏడో తారీఖున రాజాబాబు మళ్లీ వచ్చాడు. ఈసారి చాయ్ తాగలేదు. ఆఫీసు నుంచి కంపెనీకి వచ్చిన ఉత్తరం ఫోన్‌లో తెరిచి, గల్లీ వినేలా చదివాడు. "అర్జీదారు: రవళి. తల్లి: కనకవ్వ." చదివి, ఫోన్ జేబులో వేసుకుని, "సూసినవా కనకవ్వా, కడుపుల పుట్టిందే కాగితం పెట్టింది. నేను మీకు శత్రువునంటరు మల్ల" అన్నాడు.

అవ్వ నన్ను కొట్టలేదు, అరవలేదు. "కార్డు కావాలంటే నన్నడగకపోతివా బిడ్డా, నా ఏలు కోసిస్తుంటి గదా" అంది. అదే ఆఖరి మాట.

నీకు తెలియనిది చెప్తా. అవ్వ వేళ్లకు ఇప్పుడు రైక గుండీలు పెట్టుకునే శక్తి కూడా లేదు. రోజూ పొద్దున్నే నా ముందు నిలబడేది, నేను పెట్టేదాన్ని. మూడేళ్లుగా ఆ పని నాది. ఇప్పుడు కొంగు గుండెల మీద గట్టిగా పట్టుకుని నా ముందునుంచే గడప దాటి పక్కింటి దేవీబాయి దగ్గరికి పోతుంది. అక్కడ పెట్టించుకుని వస్తుంది. దేవీబాయి నా మొహం చూసి, తన మరాఠీ కలిపి, "కాయ్ గ రవళీ, తల్లి గుండీలు పక్కింట్ల పెట్టిచ్చుకునే దినం తెచ్చినవ్" అంటోంది. అన్నం వండితే తనది తాను పెట్టుకుంటుంది. గిన్నె జారి పడుతుంది. ఎత్తబోతే చెయ్యి అడ్డం పెడుతుంది.

నేను కాదవ్వా అన్నా. తమ్ముడు పెట్టిండు అన్నా. "పట్నంల ఉన్నోని మీదికి ఎందుకు తోస్తవ్? గాడు నన్ను గట్ల జేస్తడా?" అన్నట్టు చూసింది. నీ మీద ఆమెకున్న నమ్మకం చూసి నాకు కడుపు మండిపోయింది.

ఇప్పుడు నీ ఉత్తరం మళ్లీ తీశా. "ఒక అర్జీ వెళ్లింది" అని రాశావు. ఎవరు పంపారు? అర్జీకి కాళ్లొచ్చి తనంతట తానే బస్సెక్కిందా? మొత్తం ఉత్తరంలో నేను పంపానన్న మాట ఒక్కచోట లేదు. వెతుక్కో. నేను వెతికా.

ఆఫీసువాళ్లు పేరు తప్పు రాసుకున్నారా, లేక నువ్వే ఏదో చేశావా? నాకు అనుమానం ఉంది. అనుమానం రాయను, చూసి రాస్తా. బతుకమ్మ పండుగ అయిపోయాక నిజామాబాద్ పోతున్నా.

ఈలోగా ఎట్లా గడుస్తోందని నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నా. దేవీబాయి అత్త కార్డు మీద చుడుతున్నా. అత్త చచ్చి నాలుగేళ్లు. "మా అత్త బతికున్నప్పటికన్నా ఇప్పుడే మంచిగ సుడ్తుంది" అని దేవీబాయి నవ్వుతుంది. నీ అర్జీ వల్ల నాకు జరిగిన న్యాయం ఇది. అవ్వ పేరున చుట్టేదాన్ని, ఇప్పుడు శవం పేరున చుడుతున్నా.

రవళి

*

హైదరాబాద్,
సెప్టెంబర్ 22

అక్కా,

నిజామాబాద్ పోకు. దయచేసి పోకు. దసరాకు వచ్చి అన్నీ నేనే చెప్తాను, అవ్వకు కూడా. అప్పటిదాకా ఆగు.

జీవన్

*

బాన్సువాడ,
నవంబర్ 3

నువ్వు నా సంతకం పెట్టావు.

దసరాకు రాలేదు. ఇంటర్నల్స్ అని అవ్వకు ఫోన్ చేశావు, నేను పక్కనే ఉన్నా. అవ్వ "మంచిగ రాయి బిడ్డా" అంది. నేను నెలరోజులు ఆగా. అక్టోబర్ 29న వర్ని మీదుగా పోయే బస్సెక్కి నిజామాబాద్ పోయా.

ఆఫీసులో భద్రయ్య అని పెద్ద క్లర్కు ఉన్నాడు. నా ఆధార్ చూసి, "మీ అర్జీ మీరే సూస్తనంటే ఎవలొద్దంటరమ్మా" అని ఫైలు తీసి ముందు పెట్టాడు. మూడు పేజీలు. అడుగున రవళి అని ఇంగ్లీషులో, చక్కగా వంకరలు తిప్పి సంతకం. నేను జన్మలో ఇంగ్లీషులో సంతకం పెట్టలేదు జీవన్. ఓపెన్ టెన్త్ హాల్‌టికెట్ మీద కూడా తెలుగులోనే పెట్టా. ఆ రోజు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని సెంటర్‌కు తీసుకపోయినవాడివి నువ్వే. నీకు గుర్తు లేకపోవడం నాకు సంతకం కన్నా ఎక్కువ తగిలింది.

భద్రయ్య అద్దాల మీదనుంచి చూసి, "నీదే గదమ్మా గిది?" అన్నాడు.

నాది కాదని అప్పుడు అనలేదు. "బస్సు యాళ్లయింది సార్, మల్లొస్త" అన్నా.

"పదిహేడున విచారణ ఉంది. కంపెనీ మనిషొస్తడు. సార్ ముందల మొట్టమొదలు గదే అడుగుతరు, సంతకం నీదేనా అని. యాదిపెట్టుకో."

బస్సులో కూర్చున్నాక నీ మీద ఎంత కోపం వచ్చిందంటే, పక్కన బీర్కూర్ ముసలామె "కడుపునొప్పా బిడ్డా?" అని అడిగింది. తల్లి కార్డు మీద కూతురు చుడితే అబద్ధం, తప్పు, మొదటి బహుమతి. అక్క పేరు మీద తమ్ముడు సంతకం పెడితే? దానికి ఏ పేజీలో జవాబుంది? నీకు భయమైంది. నీ పేరు ఉంటే రేపు వకీలు పట్టా వచ్చేటప్పుడు, టేకేదారుతో తగాదా, కేసు, అవన్నీ అడ్డమొస్తాయని భయపడ్డావు. అందుకని నన్ను ముందు నిలబెట్టావు. తంబాకు వాసన అంగీలను కిటికీ బయట ఆరేసినట్టే, నన్నూ ఆరేశావు.

ఇది రాసి చించేద్దామనుకున్నా. చించలేదు, ఎందుకంటే ఇంకొకటి ఉంది.

ఆ అర్జీ మూడు పేజీలూ చదివా. నా గొంతుతో రాశావు. "నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఎవరూ మానమనలేదు. ఎవరూ వద్దని కూడా అనలేదు." ఈ మాట నేను నీకు ఎన్నడూ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదేళ్ల పిల్లగాడివి, గోడకానుకుని పలక పట్టుకుని, నేను సంచి చిలక్కొయ్యకు తగిలించడం చూశావన్నమాట. చూసి ఇన్నేళ్లు దాచుకున్నావన్నమాట. ఆ మూడు పేజీల్లో సంతకం ఒక్కటే అబద్ధం. మిగతాదంతా నిజం. నా బతుకు గురించి అంత నిజం ఎవరూ రాయలేదు. నీ బహుమతి వ్యాసం దాని ముందు చెత్త.

అందుకే కోపం రెండింతలైంది. నిజం రాయడం తెలిసినవాడివి, కింద పేరు రాయడం చేతకాలేదు.

ఇంకో సంగతి. వచ్చిన మరునాడు గల్లీలో తిరిగా. అడిగితే ఒక్కొక్కళ్లు బయటపెట్టారు. తల్లి కార్డు మీద బిడ్డ, అత్త కార్డు మీద కోడలు, చెల్లె కార్డు మీద అక్క. మా వరుసలో ఎవరి కార్డు మీద వాళ్లే చుట్టే ఇల్లు వెతికితే దొరకలేదు. రాజాబాబుకు తెలియదా? చచ్చినామెకు ఆకు తూచి ఇచ్చేవాడికి తెలియదా? కొత్త పిల్లలకు కొత్త కార్డులు రాస్తే కంపెనీకి బరువు. పాత కార్డు మీద నడిస్తే అందరికీ సుఖం, చుట్టేదానికి తప్ప. మీ సార్‌కు చెప్పు: తప్పు వల్ల లాభపడినవాళ్లు చేతులెత్తండని అరవైమంది పిల్లలను అడిగితే చాలదు, ఆ చేతుల వెనక ఇంకా పెద్ద చేతులున్నాయని. నువ్వు రాయాల్సిన వ్యాసం అది. లాభపడిన తప్పును ఇంట్లోనే వెతికావు, ఎందుకంటే ఇంట్లోవాళ్లు నిన్ను ఏమీ అనరు.

ఇగ నేను చేసేది చెప్తున్నా.

పదిహేడున విచారణలో ఆ సంతకం నాదేనా అని అడుగుతారు. నాది కాదంటే అర్జీ పోతుంది. నా పదకొండేళ్లు పోతాయి. ఎవరు పెట్టారని అడుగుతారు, నీ చదువు పోతుంది. నాదేనంటే అర్జీ నిలబడుతుంది. కానీ అవ్వ దృష్టిలో నేను బతికున్నంతకాలం తల్లి మీద కాగితం పెట్టిన బిడ్డనే. గల్లీ ఏమన్నా నేను మోస్తా. దేవీబాయి నోరు మోస్తా. పొద్దున్నే కొంగు పట్టుకుని అవ్వ నా ముందునుంచి పోవడం మాత్రం మొయ్యలేను. నిన్న ఒక గుండీ తప్పు కాజాలో ఉంది. రోజంతా అట్లాగే తిరిగింది. నేను చెప్పలేదు, చెప్పే హక్కు లేదు కదా.

కాబట్టి, అవ్వకు ఉత్తరం రాయి. నాకు కాదు, అవ్వకు. తెలుగులో, పెద్దక్షరాలతో. బస్సు బోర్డులు కూడబలుక్కుని చదివే మనిషి, ఆమె తనంతట తానే చదవాలి. నేను చదివి వినిపిస్తే నేనే కల్పించానంటుంది. అమ్మా అని మొదలుపెట్టకు, అవ్వా అని మొదలుపెట్టు. ఉద్దేశం, నైతికం, అట్లాంటి మాటలు ఒక్కటి ఉండకూడదు. ఆ అర్జీ నేను రాసిన, అక్క సంతకం నేను పెట్టిన, అక్కకు తెలువదు. ఈ మూడు ముక్కలు ఉంటే చాలు. కింద నీ పేరు.

ఫోన్ చెయ్యకు. ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు చెప్పకముందే ఆమె నిన్ను క్షమించేస్తుంది. కాగితాన్ని అయితే ఆఖరిదాకా చదవాలి.

అది వస్తే, విచారణలో నిలబడి ఆ సంతకం నాదేనంటా. ఇంగ్లీషులో పెట్టడం కొత్తగా నేర్చుకున్నానంటా. అబద్ధమే. మీ సార్ దానికి ఎన్ని మార్కులు వేస్తాడో నాకు అక్కర లేదు. రాకపోతే నాది కాదంటా. నా పదకొండేళ్లూ పోతాయని తెలిసే అంటా. శవం పేరున చుట్టేదానికి ఇంకా పోయేదేముంది?

అవ్వ చేతిలో ఉత్తరం నవంబర్ 14 శుక్రవారం నాటికి పడాలి. పోస్ట్‌మన్ మన గల్లీకి పదకొండింటికి వస్తాడు. ఆ వేళకు నేను ఇంట్లో ఉండను, కావాలనే. సాయంత్రం వచ్చి చూస్తా, మరునాడు పొద్దున ఆమె గుండీలకు ఎవరి ముందు నిలబడుతుందో.

శుక్రవారం. ఒక్క రోజు కూడా ఆగను.

రవళి